పాత లేతును శుభ్రపఱచుటయు విద్యయే

యంత్రము పాతబడుట వేఱు, పాడగుట వేఱు. ఈ భేదము నెఱుగనివారి చేతిలో మంచి యంత్రములు తూకమునకు పోవుచున్నవి. చెడ్డ యంత్రములు క్రొత్త రంగు పూసికొని మంచివాని వరుసలో నిలుచుచున్నవి. మన పాఠశాల పనిముట్ల గదిలో నొక మూలనున్న పాత లేతును గూర్చి యీ సంవత్సరము పెద్దలలోను పిన్నలలోను జరిగిన చర్చయే యీ వ్యాసమునకు కారణము.

ఆ లేతు ఒక చిన్న కర్మాగారము మూతపడిన పిమ్మట మనకు దానముగా వచ్చినది. దానిపై జిడ్డు, త్రుప్పు, ఇనుప రజను పొరలు పొరలుగా పేరుకొని యున్నవి. దానిని పాత ఇనుము కొనువానికి అమ్మి, ఆ సొమ్ముతో బల్లలు చేయింపవచ్చునని కొందఱి మాట. మేస్త్రిని పిలిపించి ఆకుపచ్చరంగు వేయించి, వార్షికోత్సవమునాటికి చూపఱకు కనబడునట్లు నిలుపవలెనని మఱికొందఱి మాట. పిల్లలకు గాయములు తగులకుండ గదికి తాళము వేసి యుంచుటయే మేలని ఇంకొందఱి మాట. వీరందఱును పాఠశాల మేలు కోరువారే. అయినను నా అభిప్రాయము ఈ మూటికిని భిన్నము. ఆ లేతును పైతరగతుల విద్యార్థుల చేతికి, ఉపాధ్యాయుని కన్నుల యెదుట, ఒప్పగింపవలయును. వారు మొదట దానిని శుభ్రపఱుపవలయును, శుభ్రపఱచుచు పరీక్షింపవలయును, పరీక్షించిన పిమ్మటనే దానిని ఉంచుటయో అమ్ముటయో నిర్ణయింపవలయును. ఈ క్రమము తలక్రిందులైనచో మన తీర్పు గ్రుడ్డితీర్పే యగును.

లేతు మనకు బొత్తిగా పరాయి వస్తువు కాదు. కఱ్ఱను త్రిప్పుచు చెక్కు సాధనమునకు తెలుగున తరిమెన యను పేరు పూర్వమునుండియు కలదు. వరాహనదీతీరమందలి ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పి, లక్కరంగులు పట్టించి చేయు బొమ్మలను మనలో చూడనివా రరుదు. తరిమెనపై వస్తువు తిరుగును. పనివాని చేతిలోని ఉలి దానిని తాకి గుండ్రముగా చెక్కును. ఇనుమును చెక్కుటకు చేతిబలము చాలదు గనుక ఉలిని కూడ యంత్రమే గట్టిగా పట్టి, కొలతప్రకారము నడిపింపవలసి వచ్చినది. ఇంగ్లండు దేశమున హెన్రీ మాడ్‌స్లే అను యంత్రనిర్మాత ఉలిని పట్టు స్లైడును, దానిని నడుపు పొడుగుపాటి మరకమ్మీని, పళ్ళచక్రములను ఒక్కచోట కూర్చి 1800 ప్రాంతమున నిర్మించిన లేతు నేటి లేతులకు మూలపురుషునివంటిది. కఱ్ఱ తరిమెనకును ఇనుప లేతునకును గల ముఖ్యభేదము ఇదియే: మొదటిదానిలో నేర్పంతయు చేతిలో నుండును, రెండవదానిలో నేర్పులో పెద్దభాగము యంత్రపు నున్నని తలములలోను తిన్నని మరలలోను నిక్షిప్తమై యుండును. కావున ఆ తలములు చెడినచో ఎంతటి నేర్పరియైనను చక్కని పని చేయజాలడు.

మన దేశమున లేతుల నిర్మాణము స్వాతంత్ర్యమునకు పూర్వమే ప్రారంభమైనది. హరిహరములో మైసూరు కిర్లోస్కరు సంస్థ 1941లోను, సికిందరాబాదులో యంత్రపరికరములు చేయు ప్రాగా టూల్సు సంస్థ 1943లోను, బెంగుళూరులో హిందూస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1953లోను ఏర్పడినవి. పంజాబు, గుజరాతు ప్రాంతములలోని చిన్న కర్మాగారములలో తయారైన లేతులు సైతము దేశమంతటను వ్యాపించినవి. వీనిలో చాలవఱకు పోతయినుముతో చేసినవి; నూనె పోయువాడుండిన రెండు మూడు తరములు పనిచేయగలవి. కంప్యూటరు నడుపు యంత్రములు వచ్చినకొలదిని పెద్ద కర్మాగారములు పాతవానిని వదలుకొనుచున్నవి. అవి చిన్న దుకాణములకును, విద్యాలయములకును చేఱుచున్నవి. చేఱుటలో తప్పు లేదు. చేఱినదాని స్థితి తెలిసికొనకుండ మీట నొక్కుటలోనే తప్పున్నది.

ఇక పని యెట్లు సాగవలెనో చెప్పెదను. విద్యార్థులారా, మొదటి నియమము మీకు నిరాశ కలిగింపవచ్చును: పాత లేతు వచ్చిన దినమున దానిని నడుపరాదు. విద్యుత్తు తీగను తొలగించి, బెల్టును వదులుచేసి, చక్కును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. ఎచ్చటనైన పట్టుచున్నదా? ఒక్క చోటనే బిగిసి, తిరిగి వదులగుచున్నదా? లోపల గరగర ధ్వని కలదా? నూనె యెండిన బేరింగులతో యంత్రమును వేగముగా త్రిప్పినచో, పదియేండ్లు మూలబడి యున్నప్పుడు కలుగని నష్టము పది నిమిషములలో కలుగును. మోటారు, తీగలు, మీట, భూమితీగ, వీని పరీక్ష ఎలక్ట్రీషియనుదే గాని విద్యార్థిది కాదు. కరెంటు పోయి మరల వచ్చినప్పుడు తనంతట తాను యంత్రము తిరుగనారంభింపని మీటను అమర్చుమని ఆయనను తప్పక కోరవలెను. మన యూళ్ళలో కరెంటు పోవుట వింత కాదు. తిరిగివచ్చు క్షణమున ఎవరి చేయి యెచ్చట నుండునో చెప్పజాలము.

పిదప శుభ్రపఱచుట. కిరసనాయిలు, కుంచెలు, వెదురుపుల్లలు, నూలు గుడ్డపేలికలు, ఇత్తడి తీగల బ్రష్షు, ఒక మూతగల ఇనుపడబ్బా, ఇవియే సామగ్రి. పెట్రోలును దరి చేరనీయరాదు. దాని ఆవిరి మూయబడిన గదిలో చిన్న రవ్వకే అంటుకొనును. కిరసనాయిలుతో పనిచేయునప్పుడును కిటికీలు తెఱచి, దీపమును నిప్పును దూరముగా నుంచవలెను. వాడిన పేలికలను మూతగల డబ్బాలోనే వేయవలెను. పెద్ద తునుకలను మొదట కుంచెతో ఊడ్వవలెను; చేతితో తీయరాదు, అవి కత్తులవలె కోయును. గాలిగొట్టముతో ఊదుట సులభమని కొందఱు తలతురు. ఆ గాలి రజనును బయటికి పంపుటకంటె స్లైడుల క్రిందికిని బేరింగుల లోనికిని ఎక్కువగా త్రోయును, కన్నులకును ప్రమాదకరము.

బెడ్డుమీది నున్నని పట్టెలపై త్రుప్పు కనబడినంతనే ఉప్పుకాగితము తెచ్చి రుద్దుట మనలో సామాన్యమైన ఉత్సాహము. ఇది చేయరాని పని. ఆ కాగితమునుండి రాలిన గట్టి రేణువులు క్యారేజి క్రింద చిక్కుకొని, అది కదలినప్పుడెల్ల పట్టెలను ఆకురాయివలె అఱుగదీయును. త్రుప్పుపై నూనె పోసి నాననిచ్చి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్ది, తుడిచి, మరల నూనె రాయవలెను. పైపై ఎఱ్ఱని త్రుప్పు పోయిన పిమ్మట మిగులు నల్లని మచ్చ పనికి అడ్డము రాదు. అద్దమువలె మెఱయవలెనను పట్టుదలయే అడ్డము వచ్చును. క్యారేజి అంచులందు నూనెను తుడుచు ఉన్నిపట్టీలుండును. ఏండ్లతరబడి రజను పీల్చిన ఆ పట్టీలను మార్చనియెడల తక్కిన శుభ్రత యంతయు వ్యర్థము. కిరసనాయిలు జిడ్డును తీయునే గాని లోహమును కాపాడదు. కావున తుడిచిన భాగమునకు ఆ పూటనే నూనె పట్టింపవలెను. సముద్రపుగాలి తగులు ప్రాంతములలో ఒక్క రాత్రి యేమఱినను ఎఱ్ఱని పొర కనబడును. చెమటచేతితో తాకిన చోట వ్రేలిముద్ర ఆకారముననే త్రుప్పు పట్టుట చూచిన విద్యార్థికి, ఉప్పునీరు ఇనుము నేమి చేయునో రసాయనశాస్త్రమున మరల చెప్పనక్కఱలేదు. వంటనూనెలు కాలక్రమమున బంకకట్టును, వానిని వాడరాదు. పట్టెలకు 68 తరగతి స్లైడ్‌వే నూనె సరిపోవును. బేరింగులకు మాత్రము తయారుచేసినవారు చెప్పిన నూనెయే పోయవలెను.

ఇంతవఱకు చెప్పినది చాకిరివలె కనబడవచ్చును. నా వాదమునకు ఆయువుపట్టు ఇక్కడనే యున్నది. మురికి కేవలము మురికి కాదు. అది యంత్రము తన చరిత్రను తానే వ్రాసికొన్న పుస్తకము. కంచు హాఫ్‌నట్టు గల లేతున మరకమ్మీ క్రింద పసుపుపచ్చని పొడి రాలియున్నచో ఆ నట్టు అఱుగుచున్నదని యర్థము. నూనెరంధ్రము గట్టి మట్టితో మూసికొని యున్నచో ఆ రంధ్రము క్రిందనున్న బుష్షు ఎండి తిరిగినదని అనుమానింపవలెను. బెడ్డు పొడుగునను వ్రేలు నడిపినప్పుడు చక్కు సమీపమున చిన్న గట్టు తగిలినచో, నిత్యము పని జరిగిన ఆ చోటనే పట్టె అఱిగినదని తెలియును. ఒక బోల్టు తల గుండ్రముగా చెడియున్నచో, సరిపడని స్పానరుతో ఎవరో బలవంతము చేసినారని తెలియును. మేస్త్రి వచ్చి గంటలో అంతయు కడిగివేసి రంగు పూసినచో ఈ సాక్ష్యము లన్నియు ఒక్కసారిగా నశించును. యంత్రము అందముగా కనబడును. దాని రోగము మాత్రము రంగుక్రింద దాగియుండును. పాత రంగులలో సీసము కలిసియుండుట కలదు. దానిని పొడిగా రుద్ది ధూళి రేపుట పిల్లల ఊపిరికి హాని. రంగు చిట్టచివరి పని. వేయకున్నను నష్టము లేని పని.

మరల విషయమును కూడ ఇక్కడనే చెప్పుదును. మన దేశమున మెట్రిక్ కొలతలకు చట్టము వచ్చినది 1956లో. అందుచేత పాత లేతులు పెక్కింటిలో అంగుళపు కొలతలే యుండును. జోసెఫ్ విట్‌వర్తు 1841లో ప్రతిపాదించిన మర 55 డిగ్రీల కోణము గలది. నేటి మెట్రిక్ మర 60 డిగ్రీల కోణము గలది. చూపునకు ఒక్కటే యనిపించు బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగిసినప్పుడు బలవంతము చేసినచో, బోల్టుతోపాటు దేహములోని మరయు చెడును. కావున విప్పిన ప్రతి బోల్టును ఏ రంధ్రమునుండి వచ్చినదో చీటీ కట్టి యుంచవలెను. ఈ చిన్న క్రమశిక్షణ యొక్కటియే ఒక నెల పాఠమునకు సమానము.

శుభ్రపఱచుట రోగనిర్ధారణలో సగమనుటకు ఒక లెక్క చూపుదును. మర మీద ఎక్కు చక్కు వెనుకతట్టు స్పిండిలు భుజమునకు ఆనుకొని కూర్చుండును. ఆ భుజము వెడల్పు 80 మిల్లీమీటర్లనుకొందము. చక్కు ఎక్కించునప్పుడు 0.05 మిల్లీమీటరు మందముగల ఇనుప తునుక, అనగా పలుచని కాగితపు మందము కంటెను తక్కువది, ఒక అంచున చిక్కుకొన్నదని తలపుడు. చక్కు ఆ మేరకు వాలును. భుజమునకు 160 మిల్లీమీటర్ల దూరమున, అనగా రెండింతల దూరమున, పట్టిన కమ్మీ కేంద్రము 0.1 మిల్లీమీటరు ప్రక్కకు పోవును. కమ్మీ తిరుగునప్పుడు డయల్ గేజి ముల్లు దానికి రెట్టింపు, అనగా 0.2 మిల్లీమీటరు, ఆడును. దీనిని చూచినవాడు బేరింగులు పోయినవని నిశ్చయించి క్రొత్తవానికి వేలకొలది రూపాయలు వెచ్చింపవచ్చును. చక్కు విప్పి, మరను కుంచెతో తుడిచి, భుజమును గుడ్డతో తుడిచి, మరల ఎక్కించినచో కానిఖర్చు లేకుండ దోషము పోవును. మన గణితపుస్తకములోని సరూప త్రిభుజములు దేనికి ఉపయోగపడునని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి సమాధానము నాకు దొరకలేదు.

ధ్వనినిగూర్చి మఱియొకటి. స్పిండిలు మీద 40 పళ్ళ చక్రము, దానితో కలిసి 80 పళ్ళ చక్రము తిరుగుచున్నవనుకొందము. లేతు నడచునప్పుడు టక్కుటక్కు మను ధ్వని వచ్చుచున్నది. చక్కుమీద సుద్దతో గుఱుతు పెట్టి, చేతితో త్రిప్పుచు లెక్కింపుడు. చక్కు తిరిగిన ప్రతి చుట్టునకు ఒకసారి టక్కుమన్నచో దోషము 40 పళ్ళ చక్రమున గాని స్పిండిలున గాని యుండును. రెండు చుట్లకు ఒకసారి వచ్చినచో 80 పళ్ళ చక్రమును చూడవలెను. అప్పుడు పళ్ళ మొదళ్ళలో ఎండిన గ్రీజుతో గట్టిపడిన ఇనుప తునుక యొకటి తఱచుగా కనబడును. వెదురుపుల్లతో తీయగనే ధ్వని మాయమగును. పన్ను విఱిగియున్నచో చక్రము మార్చవలెను. అంతియేగాని, ధ్వని వినగనే అన్ని చక్రములను ఊడదీయుట వైద్యుడు జ్వరపడినవాని నాడి చూడకయే కడుపు కోయుటవంటిది.

లేతుపై చెక్కిన కమ్మీ ఒక చివర లావుగను మఱియొక చివర సన్నముగను వచ్చుట పాత లేతులపై మోపబడు నేరములలో ముఖ్యమైనది. టెయిల్‌స్టాకు జరిగినదని ఒకడు, హెడ్‌స్టాకు వంకరయని ఒకడు, బెడ్డు అఱిగినదని ఒకడు వాదింతురు. వాదముతో ఇది తేలదు. టెయిల్‌స్టాకు సాయము లేకుండ, చక్కులోనే గట్టి కమ్మీ నొకదానిని పట్టి, 100 మిల్లీమీటర్ల యెడముగా రెండు పట్టెలు మిగిల్చి, వాడియైన టూలుతో అతి పలుచగా, క్రాస్‌స్లైడును కదల్పకుండ, రెంటిని ఒక్క వరుసలో చెక్కి మైక్రోమీటరుతో కొలువవలెను. చక్కు దగ్గఱ 25.00, దూరపు చివర 25.06 వచ్చిన దనుకొందము. వ్యాసమున భేదము 0.06 గనుక టూలు నడచిన దారి 100 మిల్లీమీటర్లలో 0.03 తొలగినదని తెలిసినది. ఈ పరీక్షలో టెయిల్‌స్టాకు పాల్గొననే లేదు గనుక అది నిర్దోషి. అప్పుడు యంత్రపు కాళ్ళను చూడవలెను. నేల ఎగుడుదిగుడై యొక పాదము సరిగా ఆనకున్నచో, బోల్టులు బిగించినంతనే బెడ్డు మెలిపడును. పోతయినుము వంగదనుకొనుట పొరపాటు. రసమట్టము పెట్టి, ఆ పాదము క్రింద రేకుముక్క చేర్చి, మరల చెక్కి కొలిచినచో భేదము తఱుగుట కన్నులార కానవచ్చును. తఱుగనిచో హెడ్‌స్టాకు కూర్పును, బెడ్డు అఱుగుడును అనుమానింపవలెను. అట్లుగాక, చక్కులో పట్టినప్పుడు సమముగా వచ్చి, రెండు కేంద్రముల నడుమ పట్టినప్పుడు మాత్రమే తేడా వచ్చినచో టెయిల్‌స్టాకును జరుపవలెను. మాడ్‌స్లే తన పనిశాలలో ఒక కొలతయంత్రము నుంచి, దానికి ఆ దేశపు ఆనాటి అత్యున్నత న్యాయాధికారి బిరుదమైన లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టినాడు. కొలతను గూర్చి తగవు వచ్చినప్పుడు దాని తీర్పే తుదితీర్పు. గొంతు పెద్దదైనవాడు గెలుచు నలవాటునుండి పిల్లలను తప్పించుటకు ఇట్టి న్యాయస్థానము ప్రతి పాఠశాలకును కావలెను.

చెక్కిన తలముపై అలలవంటి గీతలు వచ్చినప్పుడును ఇదే పద్ధతి. టూలు ఎక్కువగా ముందుకు చొచ్చుకొని యున్నదేమో, దాని మొన కేంద్రపు ఎత్తున లేదేమో, మొద్దుబాఱినదేమో మొదట చూడవలెను. ఇది ఖర్చులేని పని. పిదప స్లైడుల ప్రక్కనుండు జిబ్బుల వదులును చూడవలెను. ఇది మరచుట్టు త్రిప్పుటతో తీఱును. చివరకు మాత్రమే స్పిండిలు బేరింగుల జోలికి పోవలెను. ఖర్చు తక్కువైనది, మరల మొదటి స్థితికి తేగలిగినది ముందు. ఖర్చు హెచ్చైనది, తిరిగి తేలేనిది తరువాత. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను; చేసినదానిని పుస్తకమున వ్రాయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి యంత్రము బాగుపడినను, ఏ మందు పనిచేసినదో తెలియదు.

కొన్ని లోపములతో కాపురము చేయుటయు నేర్చుకొనవలెను. బెడ్డు మధ్యభాగము అఱిగిన లేతున, అచ్చట వదులు పోవునట్లు జిబ్బు బిగించినచో, అఱుగని చివర క్యారేజి పట్టివేయును. అట్టిచోట అఱుగని చివర సులభముగా కదలునంత బిగువే ఉంచి, తక్కినదానిని పనివాని మెలకువతో సరిపుచ్చుకొనవలెను. క్రాస్‌స్లైడు పిడి కొంత వృథాగా తిరుగుట పాత లేతులన్నింటను కలదు. కొలతను చేరునప్పుడెల్ల ఒకే దిక్కునుండి చేరువానికి అది యంతగా బాధింపదు. యంత్రపు లోపము నెఱిగి పనిచేయువాడు, లోపములేని యంత్రమును ఎఱుగక పాడుచేయువానికంటె మేలు.

ఇక తల్లిదండ్రుల అభ్యంతరములకు వత్తును. బట్టలు మాయుననుట నిజము. ముదురురంగు పాతబట్టలు వాడుటచే ఇది తీఱును. పరీక్షలకు ఆటంకమనుట నిజము కాజాలదు. వారమునకు రెండు గంటలు సరూప త్రిభుజములు, నిష్పత్తులు, త్రుప్పు, రాపిడి, కొలత, వీనిని చేతితో తాకి నేర్చినవాడు పరీక్షలో వెనుకబడుననుట నేనంగీకరింపను. మా బిడ్డను కూలివాని జేయుదురా యని యడుగువారు కలరు. చేతిపనిని చదువునకు దిగువగా నెంచు నలవాటు మన సంఘమున పాతుకొనిపోయిన త్రుప్పు. 1937లో వార్ధాలో జరిగిన విద్యామహాసభ చేతిపనిని విద్యకు కేంద్రముగా చేయవలెనని కోరినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము 6 మొదలు 8 తరగతుల పిల్లలు పది దినములు పుస్తకపుసంచి లేకుండ స్థానిక వృత్తులవారి యొద్ద నేర్వవలెనని సూచించినది. ఈ రెంటి నడుమ ఎనుబదియేండ్లకు పైగా గడచినవి. ఇంకను సందేహించుచునే యున్నాము.

ప్రమాదమను అభ్యంతరము మాత్రము న్యాయమైనది. దానిని తేలికగా త్రోసివేయరాదు. తిరుగు లేతు ఎవరిని క్షమింపదు. వ్రేలాడు పయ్యెద, విప్పిన జడ, పొడుగుచేతుల చొక్కా, ఉంగరము, గాజులు, గడియారము, వీనిలో నేదియు లేతు దరికి రారాదు. చేతితొడుగులు రక్షణయని తలపవలదు. తిరుగు వస్తువు తొడుగును పట్టి చేతిని లోనికి లాగును. కన్నులకు అద్దములు తప్పనిసరి. చక్కు తాళపుచెవిని చక్కులో విడిచి చేయి తీయరాదు. యంత్రము నడచుచుండగా గుడ్డతో తుడువరాదు. మర మీద ఎక్కిన చక్కును వెనుకకు త్రిప్పి చెక్కినచో అది ఊడివచ్చుటకు అవకాశము కలదు. విద్యార్థి ఒంటరిగా ఎన్నడును నడుపరాదు. అయితే ఒక్క విషయము గమనింపవలసియున్నది: నేను కోరుచున్న పనిలో పెద్దభాగము విద్యుత్తు తొలగింపబడిన యంత్రముమీద జరుగునది. తాళము వేసిన గది భయమునే నేర్పును, జాగ్రత్తను నేర్పదు. యంత్రము నిశ్చలముగా నున్నప్పుడు దాని ప్రతి భాగము నెఱిగిన బాలుడుగాని బాలికగాని, అది కదలునప్పుడు ఎచ్చట చేయి పెట్టరాదో తానే గ్రహించును.

పాత యంత్రములన్నియు కాపాడదగినవే యని నేను చెప్పుట లేదు. హెడ్‌స్టాకు పోత పగిలియున్నను, స్పిండిలు వంగియున్నను, బెడ్డు మితిమీఱి అఱిగియున్నను, మరమ్మతు ఖర్చు యంత్రపు విలువను మించును. అప్పుడు దానిని అమ్ముటయే వివేకము. కాని ఆ మాట కొలతలు చెప్పవలెను. జిడ్డును చూచి ముక్కు మూసికొన్నవారు చెప్పరాదు. అమ్మవలసివచ్చినను పిల్లలు నేర్చినది తూకమునకు పోదు.

కావున పాఠశాల పెద్దలకు నా మనవి యిది. నలుగురేసి విద్యార్థులను వంతుగా ఏర్పఱచి, శనివారములందు రెండు గంటలు ఈ పనికి కేటాయింపుడు. బాలికలను మినహాయింపవలదు. ఊరిలో అనుభవముగల టర్నరు నొకని నెలకొకసారి ఆహ్వానించి, ఉపాధ్యాయునితో సమానముగా కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు; మా పుస్తకములలో లేనిది ఆయన వ్రేళ్ళయందు కలదు. ఒక గట్టి పుస్తకమున చూచినది, కొలిచినది, మార్చినది తేదీలతో వ్రాయింపుడు. మూడు నెలల పిమ్మట ఆ పుస్తకమును ముందుంచుకొని లేతును ఉంచుటయో అమ్ముటయో నిర్ణయింపుడు. విద్యార్థులారా, ఆ నిర్ణయము మీ కొలతలపై ఆధారపడి యుండును గనుక మీరు వ్రాయు ప్రతి అంకెయు నిజమై యుండవలెను. చక్కు ఎంత ఆడుచున్నదో అంతయే వ్రాయుడు; లేతు మనకు దక్కవలెనను కోరికతో తగ్గించియు వ్రాయవలదు, పని తప్పించుకొనవలెనను కోరికతో హెచ్చించియు వ్రాయవలదు. రాబోవు సంచికలో ఈ విషయమునుగూర్చి వ్రాయువాడు ఉపాధ్యాయుడు గాక, చేతులకు నూనె అంటిన మీలో నొకరు కావలెనని నా కోరిక.